గల్లీలోకి రాని గాజు తీగ

2020లో బళ్ళు మూతపడి చదువులు ఫోన్లలోకి వచ్చినప్పుడు మా ఆపా కూతురు డాబా మెట్ల మీద కూర్చుని క్లాసు వినేది. ఇంట్లో సిగ్నల్ అందదు. మెయిన్‌రోడ్డు దాకా ఫైబర్ ఉంది, మా మొహల్లాలోకి మాత్రం లేదు. కనెక్షన్ ఇచ్చే కుర్రాణ్ణి అడిగితే, "గల్లీ తంగ్‌గా ఉంది భాయ్, తవ్వడానికి ఇజాజత్ రాదు" అన్నాడు. రోడ్డుకీ మా దర్వాజాకీ మధ్య రెండు వందల అడుగులు కూడా లేవు. ఆ కాస్త దూరం ఎందుకింత ముష్కిలైందో తెలియాలంటే తారీఖ్ తిరగేయాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేల ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాల ఫలితంగానే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. 1912లో ఆరాయిష్-ఎ-బల్దా, అంటే నగరాభివృద్ధి బోర్డు, పని మొదలుపెట్టింది. రోడ్లు వెడల్పయ్యాయి, పత్తర్‌గట్టీ లేచింది, భూగర్భ డ్రైనేజీ వచ్చింది. నేల కింద ఏం ఉండాలో హుకూమత్ ముందుగా ఆలోచించి, ఖజానాలోంచి ఖర్చు పెట్టిన జమానా అది.

తీగెల కథ వేరే. బ్రిటిష్ సర్కారు 1885లో టెలిగ్రాఫ్ చట్టం చేసింది. ఎవరి జమీన్ మీదుగానైనా, కిందుగానైనా లైను వేసే హక్కు టెలిగ్రాఫ్ అధికారులకు దక్కింది. బల్దియా ఆధీనంలో ఉన్న చోట మాత్రం బల్దియా ఇజాజత్ తీసుకోవాలి. తీగ వేసేది సర్కారు ఒక్కటే అయినన్నాళ్ళు ఇది పెద్ద మస్‌అలా కాలేదు. రోడ్డు వాళ్ళదే, తీగా వాళ్ళదే.

1995 ఆగస్టు 15న విఎస్ఎన్ఎల్ ఈ దేశ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకూ దర్వాజా తెరిచారు. 2004 నాటి పాలసీ ప్రకారం 256 కేబీపీఎస్ ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవాళ్ళు. 2005లో బిఎస్ఎన్ఎల్ పాత ఫోన్ల రాగి తీగ మీదే ఆ సేవ మొదలుపెట్టింది. కొత్తగా తవ్వే పని లేదు. కానీ ఎక్స్ఛేంజీ నుంచి ఇల్లు దూరమయ్యే కొద్దీ రాగి మీద వేగం పడిపోతుంది. ఆ కమ్జోరీ లేనిది గాజు తీగ, అంటే ఫైబర్.

ఫైబర్ అసలు ఖర్చు గాజులో లేదు. తవ్వకంలో ఉంది, తవ్విన రోడ్డును మళ్ళీ పూడ్చడంలో ఉంది. హైదరాబాదు మట్టి కింద చాలాచోట్ల గ్రానైట్ బండే. పాత బస్తీలో దానికి తోడు నీళ్ళ గొట్టం, మోరీ, కరెంటు కేబుల్ ఇరుకు గల్లీ కిందే సర్దుకుని ఉంటాయి. ఏది ఎక్కడుందో పక్కా నక్షా లేకుండా గడ్డపార దించితే మొహల్లా మొత్తానికి నీళ్ళు బంద్.

అందుకే కంపెనీలు ఆసాన్ రాస్తా పట్టాయి. 1990ల నుంచి కేబుల్ టీవీ వాళ్ళు స్తంభం నుంచి స్తంభానికి తీగ లాగుతూ వచ్చారు. ఇంటర్నెట్ కూడా ఆ దారినే ఇళ్ళలోకి వచ్చింది. సస్తాగా, జల్దీగా వచ్చింది, కాదనను. 2017కల్లా ఈ శహర్‌లో ఒక గిగాబిట్ వేగం కనెక్షన్ కూడా అమ్ముడైంది.

దాని కీమత్ 2025 ఆగస్టులో తెలిసింది. రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి 5 మంది చనిపోయారు. తర్వాత కరెంటు సంస్థ స్తంభాల మీది కేబుళ్ళు కత్తిరించింది. ఇళ్ళలో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. జాన్ పోయిన ఇంటి దుఃఖం ముందు మన నెట్ ఎంత? అయినా ఒకటి నిజం: కింద దారి ఇవ్వని శహర్ తీగల్ని పైకి నెట్టింది.

కానూన్లు కదలలేదని కాదు. 2016 రూల్స్ ఇజాజత్‌కు 60 రోజుల గడువు పెట్టాయి. 2023 టెలికాం చట్టం అందరి తీగలకూ కలిపి ఉమ్మడి డక్టులు కట్టే వీలు కల్పించింది. దీనికి మిసాల్ మన దగ్గరే ఉంది: తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ పైపులకు తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ తీగ వేశారు. ఒక్కసారి తవ్వి రెండు పనులు చేసుకోవడం అంటే అదే.

కాబట్టి మీ గల్లీలో సీసీ రోడ్డు మంజూరైందని వింటే కార్పొరేటర్ సాబ్ దగ్గరికి నలుగురు కలిసి వెళ్ళండి. కాంక్రీటు పోయకముందే ఒక ఖాళీ గొట్టం వేయించమని దర్‌ఖాస్తు ఇవ్వండి. మా గల్లీకి పోయినేడు కొత్త రోడ్డు పడింది. గొట్టం అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. మా ఆపా కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ఆ మెట్ల మీదే.