నీళ్లడిగే భాష

జపనీస్ ‘కుదసాయ్’ని మనం ‘దయచేసి’గా అనువదించుకుంటాం. దాని మూలార్థం పైవాళ్లు కిందివాళ్లకు ఇవ్వడం. ‘ఇతదకు’ అంటే తలపైకెత్తి పుచ్చుకోవడం. మరింత మర్యాదగా అడగాలంటే దాన్నే ప్రశ్నగా మార్చి ‘ఇతదకెమాసెన్ కా’ అంటారు. అడిగేవాళ్ల చోటు కిందేనని క్రియాపదమే చెబుతోంది. మగవాడు ‘కురె’ అని మొరటుగా అడిగితే చెల్లుతుంది. అదే స్త్రీ అంటే పెంపకాన్ని తప్పుపడతారు.

ఈ వినయం స్త్రీ సహజమంటే నేను నమ్మను. మెయిజీ కాలంలో (1868-1912) చదువుకునే ఆడపిల్లలు వాక్యాల చివర ‘తెయో’, ‘దవా’ అంటుంటే పెద్దమనుషులు అసభ్యమన్నారు. తర్వాత ఆ మాటలే నాజూకైన స్త్రీ భాషయ్యాయి!

అన్నట్టు, భోజనశాలలో మగవాళ్లు సైతం మంచినీళ్లడిగే ‘ఒహియా’ అనే మాట, మురొమాచి కాలంలో (1336-1573) రూపుదిద్దుకున్న అంతఃపుర పరిచారికల భాషలోంచి వచ్చిందే.