ఇగొరోట్ గొడ్డలి: దాని చరిత్ర, దాని ధర

ఈమధ్య నా విద్యార్థి ఒకడు పాత ఆయుధాల వేలంపాట జాబితా తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఫిలిప్పీన్ దీవుల గొడ్డలి బొమ్మ ఒకటి ఉంది. నెలవంకలాగా లోపలికి వంగిన అంచు, వెనకవైపు పొడవాటి సన్నని ముక్కు, కామ మధ్యలో చెయ్యి జారకుండా చిన్న కొమ్ము. బొమ్మ కింద, అది తలలు నరికే గొడ్డలి అనీ, నిజంగా వాడినదనీ రాసి ఉంది. ధర వందల డాలర్లు. “మాస్టారూ, కొలిమి దగ్గర కమ్మరి చేసిన వస్తువుకి ఇంత ధర ఎట్లా వచ్చింది?” అని అతని ప్రశ్న. అర్థశాస్త్ర విద్యార్థి గనుక, శ్రమ విలువ సూత్రం ఇక్కడ తప్పిందేమోనని అనుమానం కాబోలు. నేను చరిత్ర చెప్పేవాణ్ణి. జవాబు చరిత్రలోనే వెతికాను.

లూజాన్ ద్వీపం ఉత్తరభాగంలో కార్డిలేరా కొండలు ఉన్నాయి. బాంటాక్, ఇఫుగావ్, కళింగ, తింగ్వియన్ మొదలైన జాతులు అక్కడ ఉంటాయి. వీరిలో చాలామందిని కలిపి ఇగొరోట్లు అంటారు. (కళింగ అన్న పేరు చూసి మన కళింగదేశంతో బంధుత్వం కలపబోయే వాళ్ళుంటారు. అది పల్లపు ప్రజలు శత్రువు అన్న అర్థంలో పెట్టిన పేరు.) 1565 నుంచి 1898 దాకా దీవుల్ని ఏలిన స్పెయిన్ ఈ కొండల్ని పూర్తిగా లొంగదీసుకోలేకపోయింది. అక్కడి బంగారంమీద ఆశతో ఎన్ని దండయాత్రలు చేసినా నిలవలేదు. 1829లో గాల్వే అనే సైనికాధికారి లా త్రినిదాద్ లోయలో ఇళ్ళకు నిప్పుపెట్టించాడు.

ఈ గొడ్డలితో తలలు నరికిన మాట నిజం. దాన్ని దాచి, ఆ ప్రజల్ని దేవతల్ని చెయ్యవలసిన పని మనకు లేదు. ఊరికీ ఊరికీ పగలుండేవి, పగకు పగ తీర్చుకునేవారు. ఆ పగల్ని ఆపడానికి బొదొంగ్ అనే శాంతి ఒడంబడికలు కళింగుల్లో పుట్టాయి. అయితే మనిషి చేతిలో గొడ్డలి ఉండే రోజుల్లో చాలాభాగం కట్టె కొట్టడానికీ, దారి నరకడానికీ, మాంసం కొయ్యడానికీ గడిచేవి. చెయ్యడమూ తేలిక కాదు. మన కమ్మరి తోలుతిత్తికి బదులు అక్కడ నిలువుగా నాటిన రెండు గొట్టాలుంటాయి. వాటిలో కాడల్ని ఒకదాని తరవాత ఒకటి పైకీ కిందికీ ఆడిస్తే కొలిమికి గాలి తగులుతుంది. సమ్మెట దెబ్బ, రంగు చూసి నీళ్ళలో ముంచే అదను తండ్రి దగ్గర కొడుకు నేర్చుకోవలసిందే. బల్బలసాంగ్ ప్రాంతపు గొడ్డళ్ళకు ఆ రోజుల్లోనే పేరుండేది.

1898లో స్పెయిన్ ఈ దీవుల్ని 2 కోట్ల డాలర్లకు అమెరికాకు ఒప్పజెప్పింది. దీవుల ప్రజల్ని ఎవరూ అడగలేదు. 1899లో మొదలైన యుద్ధంలో హింస, కరువు, రోగాలవల్ల రెండు లక్షలమంది దాకా పౌరులు చనిపోయారని అంచనా. ఆ తరవాత కొండల్లోకి సైనికులు, అధికారులు, మానవశాస్త్రజ్ఞులు వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు గుర్తుగా గొడ్డళ్ళు తెచ్చుకున్నారు. 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనలో 47 ఎకరాల్లో వెయ్యిమందికి పైగా ఫిలిప్పీన్ ప్రజల్ని ఉంచి చూపించారు. జనం ఎక్కువగా ఎగబడింది ఇగొరోట్ల పల్లె దగ్గర. బాంటాక్ ప్రజలమీద జెంక్స్ రాసిన గ్రంథం 1905లో, తింగ్వియన్లమీద కోల్ గ్రంథం 1922లో వచ్చాయి. శాస్త్రజ్ఞులు కొలిమినీ వర్ణించారు. ప్రదర్శన చూసినవాళ్ళకు తల మాత్రమే గుర్తుండిపోయింది.

ఇక ధర సంగతి. ఆ సైనికుల పెట్టెల్లోని వస్తువులు వారసుల చేతులమీదుగా బజారుకు వచ్చాయి. పాతవి కొత్తగా పుట్టవు, సేకరించేవాళ్ళు పెరిగారు. ధర ఎక్కుతూ వచ్చింది. మార్క్స్ ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో నేలతోపాటు పురాతన వస్తువుల ప్రసక్తి కూడా తెచ్చాడు. శ్రమతో మళ్ళీ ఉత్పత్తి చెయ్యలేని వాటి ధరను ఎన్నో యాదృచ్ఛిక కారణాలు కలిసి నిర్ణయించవచ్చునన్నాడు. కనుక సూత్రం తప్పలేదని నా విద్యార్థికి చెప్పాను. అతను ఊరుకోలేదు. “గొడ్డలిని మళ్ళీ ఎందుకు చెయ్యలేరు? కమ్మర్లు లేరా?” అన్నాడు.

ఉన్నారు. కార్డిలేరాలో ఇప్పటికీ కత్తులూ గొడ్డళ్ళూ చేసే కమ్మర్లున్నారు. వాళ్ళు చేసింది యాత్రికుల సరుకు అని తక్కువ ధరకు పోతుంది. పొగబెట్టి, తుప్పు పట్టించి పాతదిగా అమ్మితే నకిలీ అంటారు. నకిలీని వెనకేసుకు రావడం లేదు. కానీ గొడ్డలిని శ్రమ మళ్ళీ చెయ్యగలదు. చెయ్యలేనిది పాత హత్యను. కొనేవాడు డబ్బు పోసేది ఆ హత్యకే. నిజంగా ఆ గొడ్డలి ఎవరినైనా చంపిందా అంటే అమ్మేవాడి మాట తప్ప సాక్ష్యం ఉండదు. బహుశా అది జీవితమంతా కట్టెలే కొట్టి ఉంటుంది.

అదే జాబితాలో కొన్ని పుటల తరవాత క్రాగ్ తుపాకి ఉంది. ఫిలిప్పీన్ యుద్ధంలో అమెరికన్ సైనికులు వాడిన రకం. దానికి స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారం పేరు, తయారైన సంవత్సరం, వరుస సంఖ్య ఇచ్చారు. మనుషుల్ని చంపే తుపాకి అని ఎక్కడా లేదు. గొడ్డలికి మాత్రం కమ్మరి పేరు లేదు, ఊరు లేదు, జాతి పేరొక్కటే.

ఆ జాతి ఎప్పుడో అంతరించినట్టు జాబితా రాస్తుంది. 1970లలో మార్కోస్ ప్రభుత్వం చీకో నదిమీద ఆనకట్టలు కట్టి కళింగ, బాంటాక్ ఊళ్ళను ముంచబోతే, ఆ బొదొంగ్ ఆచారంతోనే పాత పగల్ని పక్కనపెట్టి ఊళ్ళన్నీ ఏకమయ్యాయి. 1980 ఏప్రిల్ 24న వాళ్ళ నాయకుడు మాక్లీంగ్ దులాగ్‌ను ఇంటిదగ్గరే సైనికులు కాల్చి చంపారు. ఆనకట్టల పథకం మాత్రం సాగలేదు.

జాబితాలో ఇంకొక గొడ్డలి కూడా ఉంది. ఇనుము మంచిదేనట, ఎవరో కామ మార్చారు కనుక ధర తగ్గించారు. అది చూసి నా విద్యార్థి నవ్వాడు. వాళ్ళ ఇంట్లో గొడ్డలికి కామ మూడుసార్లు మార్చారట.