కండబలము - పొడిడబ్బాలు



నేడు పల్లెలలో సైతము వ్యాయామము చేయు పడుచువాండ్ర చేతులలో మాంసకృత్తుల పొడిడబ్బాలు కానవచ్చుచున్నవి. “ఇది త్రాగనిదే కండ పట్టదు తాతా” అని మనుమడు చెప్పగా, మారుమాట తోచక పెద్దలు రూకలు లెక్కపెట్టి యిచ్చుచున్నారు. ఈ నమ్మకము పుట్టిన విధమును కొంచెము విచారింతము.

1838లో హాలండు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ముల్డరు, గ్రుడ్లు, పాలు, రక్తము మొదలగువానియందలి ముఖ్యపదార్థమునకు ప్రోటీను అను పేరు ప్రకటించెను. దానినే మనము మాంసకృత్తు లందుము. పిమ్మట జర్మనుపండితుడు లీబిగ్, పనిచేయునపుడు కండలోని మాంసకృత్తులే కరగి శక్తి నిచ్చుననియు, కష్టజీవికి అవియే ముఖ్యాహారమనియు బోధించెను. ఆయన మాట లోకమున చెల్లుబడి యయ్యెను.

దానిని పరీక్షింపదలచి 1865 ఆగస్టులో ఫిక్, విస్లిసేనస్ అను ఇరువురు ఆచార్యులు స్విట్జర్లాండులోని ఫాల్‌హార్న్ పర్వతము నెక్కిరి. ముందటి దినము నుండియు పిండి, క్రొవ్వు, చక్కెర మాత్రమే భుజించిరి. 1,956 మీటర్ల యెత్తు ఎక్కి, తమ మూత్రములోని నత్రజనిని కొలిచి, దేహమున ఎన్ని మాంసకృత్తులు కరగెనో లెక్కించిరి. వాని శక్తి ఆ శ్రమకు ఎంతమాత్రమును చాలదని తేలెను. మాంసకృత్తులు ఇంటికి ఇటుకలవంటివే కాని పొయ్యిలో కట్టెలవంటివి కావు.

శాస్త్రము మారినను వర్తకము మారలేదు. 19వ శతాబ్ది చివర ఐరోపాలో పాలవిరుగుడు పొడులు బలవర్ధకములుగా అమ్ముడయ్యెను. 1950 తరువాత అమెరికాలో బరువుల వ్యాపారి బాబ్ హాఫ్మన్, సోయాపిండితో చేసిన పొడిని తన వ్యాయామపత్రికలలో చాటించెను. తరువాత చీజు తీయగా మిగులు పాలతేటను ఎండించిన పొడి ప్రబలెను. మన వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు, హాఫ్మన్ పొడి పుట్టకమునుపే ఉక్కుగొలుసులు త్రెంచి, 1942లో గతించెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఈ పొడులను వాడవద్దని హితవు చెప్పెను. 60 కిలోల తూకముగల సామాన్యునికి దినమునకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు చాలును. కఠినవ్యాయామము చేయువానికైనను సుమారు 96 గ్రాములు దాటినచో కండకు అదనపు మేలు లేదు. మూత్రపిండముల జబ్బు గలవారికి అధికము హానికరము. పొడులలో చక్కెర, కృత్రిమరుచులు కలియుటయు కలదు. అదే సంవత్సరము మనదేశమున అమ్ముడగు 36 పొడులను పరీక్షింపగా, నూటికి సుమారు 70 వంతులలో డబ్బాపై వ్రాసిన లెక్క నిజము కాకపోయెను.

కావున మనుమని వ్యాయామమును మాన్పింపకుడు, అది మేలే. కండ పెంచునది సాధన. దానికి వలయు ఇటుకలు కందిపప్పు, వేరుసెనగ, పాలు, గ్రుడ్లు, చేపలలో కలవు. డబ్బా కొనుటకు ముందు వైద్యుని సలహా నడుగుమనుడు. ఆ రూకలతో పాడిగేదెకు ఒక మోపు పచ్చిగడ్డి కొనవచ్చునేమో యోచింపుడు.