కందిగింజలో మాంసకృత్తుల తేడాలు

పరిటాల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాల్లో కంది పాతకాపు. ఇప్పుడు పెత్తనం పత్తిదే అయినా, సాళ్ల మధ్యనో గట్టు వెంటనో కంది వేస్తూనే ఉంటారు. గింజలో మాంసకృత్తులు సగటున 21-22 శాతం. సోయాచిక్కుడులో 40 దాకా ఉంటాయి. కంది సాగు రకాల్లో ఈ అంకె సుమారు 18 నుంచి 26 వరకు మారుతుంది. నేల మారినా, ఏడాది మారినా ఒకే రకంలోనే తేడా వస్తుంది. ఒక్క గింజలోనూ అంతటా సమానం కాదు: పొట్టులో బహు తక్కువ, బద్దలో ఎక్కువ, అంకురంలో ఇంకా ఎక్కువ. ఆ అంకురం చాలావరకు పప్పు మరలోనే పొట్టుతో పాటు పోతుంది.

1972లో పటాన్‌చెరులో ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ తేడాలను పంటకు వాడుకోవాలని చూసింది. కంది అడవి బంధువులు కొన్నింటిలో మాంసకృత్తులు 30 శాతం దరిదాపుల్లో ఉంటాయి. మన అడవి ఉలవ అలాంటిదే. కాకపోతే వాటి గింజ చిన్నది, కాయ పగిలి రాలిపోతుంది, అరుగుదలకు అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలూ ఎక్కువ. పైగా గింజలోని మాంసకృత్తుల శాతాన్ని ప్రధానంగా తల్లి మొక్కే నిర్ణయిస్తుంది. కాబట్టి సంకరం ఫలితం ఆ గింజలో కనిపించదు, దాన్ని నాటి మరో కాపు చూడాలి. అక్కడి కె.బి. సక్సేనా బృందం ఈ సంకరాల నుంచి ఏళ్ల తరబడి ఏరి, 1980లలో హెచ్‌పీఎల్ అనే అధిక మాంసకృత్తుల రకాల వరుసను తెచ్చింది. వాటిలో మాంసకృత్తులు 28 శాతం చుట్టూ తేలాయి. గింజ సైజూ సాగు రకాలకు దగ్గరగానే వచ్చింది.

సోయాలోనైతే పరిశోధకుల వేట ఈ ట్రిప్సిన్ నిరోధకాలపైనా సాగింది. వాటిలో ఒకటైన కునిట్జ్ నిరోధకం అసలు లేని కొరియా గింజలను ఆర్ఫ్, హైమోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు 1979లో ప్రకటించారు. కందికి అంత అవసరం లేదు, పప్పు ఉడికితే నిరోధకం చాలావరకు చచ్చిపోతుంది. కందికి అసలు కొరత గంధకమున్న అమైనో ఆమ్లాలైన మిథియోనిన్, సిస్టీన్‌లది. మొత్తం శాతం పెంచినంత మాత్రాన అది తీరదు. అన్నంలో మిథియోనిన్ మెరుగు, పప్పులో లైసిన్ మెరుగు. పప్పన్నం ఆ లెక్కను ఎప్పుడో సరిచేసింది.

అధిక మాంసకృత్తుల కంది పొలాలకు పెద్దగా చేరలేదు. రైతును ఎండు తెగులు, వెర్రి తెగులు, కాయతొలుచు పురుగు ముందు భయపెడతాయి. అందుకే గుంటూరు లాం ఫారం పరిశోధన కేంద్రం తెచ్చిన, కాయతొలుచు పురుగును కొంత తట్టుకునే ఎల్‌ఆర్‌జి-41 వంటి రకాలకు ఆదరణ దక్కింది. మార్కెట్ యార్డులోనూ తేమ చూస్తారు, పుచ్చు చూస్తారు, గింజ లావు, రంగు చూస్తారు; మాంసకృత్తుల శాతానికి ధర కట్టే పద్ధతి లేదు.