గురియు దూరమును

1860వ సంవత్సరము జూలై 2వ తేదీన ఇంగ్లండులోని వింబుల్డను మైదానమున జాతీయ రైఫిల్ సంఘమువారి తొలి పోటీలు జరిగెను. విక్టోరియా రాణి పట్టుత్రాటిని లాగగా, ముందే పీఠముపై బిగించియుంచిన విట్వర్తు తుపాకి ప్రేలి, 400 గజముల యెడమునందలి గురిపలక నడిబిందువునకు రెండంగుళములలోపున గుండు తగిలెను. జనులు రాణిని కొనియాడిరి. నాకు మాత్రము ఆ తుపాకిని సరిచేసి నిలిపిన విట్వర్తు పనితనమే కొనియాడదగినదని తోచుచున్నది.

ఏలయన, ఆ గొట్టము పలకకు సూటిగా లేదు. ఇంచుక పైకెత్తబడి యుండెను. గొట్టము వీడిన క్షణమునుండియు గుండు క్రిందికి దిగుచునే యుండును. మొదటి సెకండులో సుమారు 16 అడుగులు దిగును. దూరము రెట్టింపైన దిగుడు నాలుగింతలగును. గాలి యడ్డు వేగమును తగ్గించుటచే అంతకును మించును. చూపురేఖయో తిన్ననిది. కావున దూరము మారినప్పుడెల్ల గొట్టమునకును చూపునకును నడిమి కోణమును మార్చవలసినదే.

ఇందులకే 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకికి నిచ్చెనవంటి గురిపట్టె నమర్చిరి. 1857లో మనదేశమున ఆ తుపాకి తూటాలు రేపిన కలత అందఱెఱిగినదే. ఈ నిచ్చెన సంగతి యెఱిగినవారు తక్కువ. 400 గజములవరకు మెట్లు. ఆపైన పట్టెను నిలువుగా నెత్తి, దానిపై బిళ్ళను జరుపవలెను. సిపాయి 500 గజములను 600 గజములని భ్రమించెనా, గుండు శత్రువు తలమీదుగా పోవును.

దూరమే రక్షయని నమ్మినవారును గలరు. అమెరికా అంతర్యుద్ధమున 1864 మే 9వ తేదీన, స్పాట్సిల్వేనియాయొద్ద, గుండ్లకు జంకి తలలు వంచుచున్న సైనికులను జూచి సెడ్జ్‌విక్ సేనాని నవ్వెను. అంతదూరమునుండి ఏనుగునైనను కొట్టజాలరనెను. కొలది నిమిషములలోనే కంటిక్రింద గుండు తగిలి కూలెను. ఆ దూరమును 800 మొదలు 1000 గజములవరకు చెప్పుదురు.

అప్పటికే తుపాకులపై దుర్భిణులు వచ్చియుండెను. న్యూయార్కు రాష్ట్రపు సిరక్యూసు పట్టణమున విలియం మాల్కమ్ 1855లోనే వానిని చేయ మొదలిడెను. అయితే దుర్భిణి కంటికి దూరమును తగ్గించునుగాని గుండునకు తగ్గింపదు. నేటి దుర్భిణులకు దిద్దుబాటు మర యొకటి గలదు. త్రిప్పిన టిక్కుమనును, పెక్కింట ఒక టిక్కునకు పావు కల. మన జ్యోతిషమున భాగలో అఱువదవ వంతునకు కల యని పేరు. పాశ్చాత్యుల మినిట్ అదియే. 100 గజములయొద్ద కల యించుమించు ఒక యంగుళము. 400 గజములయొద్ద నాలుగంగుళములు. అచ్చట గుండు ఎనిమిదంగుళములు క్రిందుగా తగిలెనేని 8 టిక్కులు చాలును. 100 గజములయొద్ద ఆ ఎనిమిదంగుళములకే 32 టిక్కులు త్రిప్పవలెను.