ఎకరం అనే మాట ఎక్కడిది?

రోజూ ఎకరం, ఎకరం అంటుంటాం కదా, అది ఇంగ్లీషోళ్ల మాట. పాత ఇంగ్లీషులో దానికి అర్థం ఉత్త పొలం అనే. తర్వాత కాలంలో ఒక కాడి ఎడ్లు ఒక్క రోజులో దున్నే నేలను ఎకరం అన్నారు. ఎడ్లు ఆగకుండా లాగే చాలు పొడవే ఫర్లాంగు, 220 గజాలు. దానికి 22 గజాల వెడల్పు కలిపితే 4840 చదరపు గజాలు, అదే మన ఎకరం. ఆ 22 గజాల కొలతకే 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఆయన 100 లింకుల గొలుసు తయారుచేశాడు. సర్వేయరు గొలుసు అలా వచ్చింది.

ఎకరం అందరికీ ఒకటే. ముక్కలే వేరు. ఆంధ్రాలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. కాగితంలో 1.20 అని ఉంటే ఆంధ్రాలో ఎకరం 20 సెంట్లు. తెలంగాణలో ఎకరం 20 గుంటలు, అంటే ఎకరంన్నర. తేడా 30 సెంట్లు, 1452 చదరపు గజాలు!

అందుకే సరిహద్దు ఊళ్లల్లో కొన్నా అమ్మినా, చుక్క తర్వాత ఉన్నది సెంట్లా, గుంటలా అని ముందే అడగండి. అంకెలతో సరిపెట్టుకోకుండా అక్షరాల్లో కూడా రాయించుకోండి.