ఇల్లు కాలునాటి బావి: సూరతు నేర్పిన పాఠము

"ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు" అను సామెత తెలుగునాట పసివారికి కూడ తెలిసినదే. ఆపద వచ్చిన పిమ్మట ఉపాయము వెదకువారిని గూర్చి పెద్దలు ఈ మాట చెప్పిరి. కాని బావి ముందే త్రవ్వియుండి, దానినిండ నీరుండియు ఇల్లు కాలిపోవుట కూడ కలదు. అట్టి ఉదంతము సూరతు నగర చరిత్రలో నున్నది. ఆ నగరము అగ్నివలన పొందిన కష్టములను పరిశీలించినచో, నేటి కార్యాలయముల గోడలకు వ్రేలాడు ఎర్రని అగ్నిమాపక సాధనములను గూర్చి తెలిసికొనదగినది చాల గలదు.

తపతీనది యొడ్డున సముద్రమునకు చేరువనున్న సూరతు, మొగలాయి చక్రవర్తుల కాలమున పశ్చిమతీరమునకు ప్రధానమైన రేవు. మక్కాయాత్రికులు ఇచ్చటనే ఓడ లెక్కుచుండిరి. గోల్కొండ సుల్తానులకు మచిలీపట్టణ మెట్టిదో మొగలాయీలకు సూరతు అట్టిది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమునందును, 1613లో సూరతునందును వర్తకస్థానములను నెలకొల్పుకొనిరి. రెండు రేవులును నేతబట్టల వ్యాపారమునకు పేరుగాంచినవే. 1664 జనవరిలో శివాజీ దాడి జరిపినప్పుడు సూరతులో అనేక గృహములు అగ్నికి ఆహుతి యయ్యెను. అది యుద్ధమువలన కలిగిన నష్టము. అంతకంటె ఘోరమైన నష్టము శత్రువెవ్వడును లేని కాలమున, ఒక వంటపొయ్యి మీదనుండి వచ్చిపడెను.

1837 ఏప్రిల్ 24వ తేదీ సాయంకాలము ఒక పారశీ వర్తకుని యింట పొయ్యిమీద మరుగుచున్న తారుకుండ ఒలికి మంట లేచెను. ఆ నిప్పు ఇంటి కలపకు ప్రాకెను. ఇరుగుపొరుగువారికి బావులు గలవు, వానిలో నీరును గలదు. కాని తోలుబొక్కెనలు ముంచినచో బావి మైలపడునన్న భయముచేత వారు నీరు తోడనీయలేదని బొంబాయి రాజధాని గెజిటీరు తెలుపుచున్నది. ఒక యింటితో ముగియదగిన ప్రమాదము గాలి తోడై వీధులకు వీధులనే చుట్టుకొనెను. మూడవనాటికి గాని అది చల్లారలేదు. 9 వేలకు పైగా ఇండ్లు దగ్ధమయ్యెను. 500 మందికి పైగా మరణించిరి. ఆ యేడే తపతికి గొప్ప వరద వచ్చి నగరమును ముంచెత్తెను. ఈ రెండు దెబ్బలతో కుంగిన వర్తకులు పలువురు బొంబాయికి తరలిపోయిరి. బావి మైలపడకూడదనుకొన్నవారి యిండ్లును ఆ మంటలలో మిగిలియుండవు. ఈ యుదంతము చెప్పు నీతి యొక్కటే. సాధనము ఉండుట వేరు, అది అక్కరపడిన క్షణమున చేతికందుట వేరు.

మంట మొలకగా నున్నప్పుడే దానిని త్రుంచు సాధనము కావలెనన్న ఆలోచన పాశ్చాత్యదేశములలో చాలకాలము క్రిందటనే పుట్టినది. 1723లో ఇంగ్లండులో ఆంబ్రోజ్ గాడ్‌ఫ్రీ అను రసాయనవేత్త, ద్రవము నింపిన పీపాలో కొంత తుపాకిమందు నమర్చి, అది ప్రేలినప్పుడు ద్రవము మంటపై చిమ్ముకొను ఏర్పాటునకు పేటెంటు పొందెను. 1813లో ఎడింబరో నగరమున ఒక యెత్తైన భవనము కాలుచుండగా, పై అంతస్తులను అగ్నిమాపకదళము అందుకొనలేకపోవుటను కెప్టెన్ జార్జి విలియం మాన్‌బీ చూచెను. కొద్ది సంవత్సరములకే ఆయన, పొటాషియం కార్బొనేటు ద్రావణమును, ఒత్తిడితో గాలిని నింపిన రాగిపాత్ర నొకదానిని తయారుచేసెను. ఒక మనిషి మోసికొనిపోగల ఆ రాగిపాత్రయే నేటి ఎర్రని సిలిండరుకు పూర్వరూపము.

1866లో ఫ్రాన్సుదేశమున ఫ్రాంస్వా కార్లియే సోడా-ఆమ్ల సాధనమునకు పేటెంటు పొందెను. సోడా ద్రావణముతో ఆమ్లము కలియగా పుట్టిన వాయువు నీటిని చిమ్మునట్లు చేయుట ఇందలి కిటుకు. ఇట్టి సాధనములు ఎర్రని శంకువు ఆకారమున ప్రభుత్వ కార్యాలయములలోను, సినిమాహాళ్లలోను పెక్కు సంవత్సరములు కనబడుచుండెడివి. వానిప్రక్కనే వరుసగా ఇసుకబొక్కెనలుండెడివి. ఆ బొక్కెనలలో ఇసుకకు బదులు తాంబూలపు ఉమ్ములును, సిగరెట్టు పీకలును నిండియుండుటయు అందరెరిగిన దృశ్యమే. సాధనము గోడకు వ్రేలాడుటతో బాధ్యత తీరినదనుకొను మనస్తత్వమునకు అంతకంటె మంచి ఉదాహరణ మరియొకటి లేదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ప్రేలుడు పదార్థములను, ప్రత్తిబేళ్లను మోసికొనివచ్చిన ఫోర్ట్ స్టికిన్ అను ఓడకు నిప్పంటుకొని మహావిస్ఫోటనము జరిగెను. మంట లార్పబోయి ప్రాణములు కోల్పోయిన అగ్నిమాపక వీరుల స్మృతిగా దేశమంతట ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14 మొదలు 20 వరకు అగ్నిమాపక వారోత్సవము జరుపబడుచున్నది. భారతీయ ప్రమాణముల సంస్థ అగ్నిమాపక సాధనముల ఎంపిక, అమరిక, సంరక్షణలకు ఐ.ఎస్. 2190 అను నియమావళిని 1962లో మొదట ప్రకటించెను. అది పలుమార్లు సవరింపబడినది.

ఇక నేటి సూరతు కృత్రిమ పట్టుబట్టలకును, వజ్రముల సానపనికిని ప్రసిద్ధి. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి తరలిపోయిన నేతకుటుంబములు ఈ నగరపు మరమగ్గములపై జీవనము సాగించుచున్నవి. లింబాయత్ మొదలగు పేటలలో తెలుగు వినబడును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను సైతము నడపినది. కనుక సూరతులో మంట లేచినదన్న వార్త తెలంగాణ పల్లెలలో పెక్కుగడపలను కలవరపెట్టును. నూలుపీచు, నూనె, విద్యుత్తు ఒక్కచోట చేరిన మగ్గాలశాలలో ఒక్క నిప్పురవ్వ చాలును.

2019 మే 24న ఆ నగరమున సర్థానా ప్రాంతమందలి తక్షశిల ఆర్కేడు అను భవనమునకు నిప్పంటుకొనెను. పై అంతస్తున శిక్షణ పొందుచున్న విద్యార్థులు మెట్లదారి మూసుకొనిపోగా పొగలో చిక్కుపడిరి. కొందరు ప్రాణభయముతో క్రిందికి దుమికిరి. 22 మంది విద్యార్థులు మరణించిరి. ఎడింబరోలో మాన్‌బీ రెండువందల యేండ్లకు పూర్వము చూచిన దృశ్యమునే సూరతు తల్లిదండ్రులు కన్నీళ్లతో చూచిరి. 2020 జనవరి 21న రఘువీర్ మార్కెట్టు అను బహుళాంతస్తుల వస్త్రభవనము తగులబడగా, పదులకొలది ఫైరింజనులు గంటల తరబడి శ్రమింపవలసివచ్చెను. మంట ముదిరిన పిమ్మట ఫైరింజనులెన్ని వచ్చినను నష్టము తప్పదు. మొదటి రెండుమూడు నిమిషములే కీలకము. ఆ నిమిషములలో దగ్గరనున్నవాడు గుమాస్తాయో, నౌకరో, కార్మికుడో గాని అగ్నిమాపకదళము కాదు.

ఈ కారణముచేతనే సాధనమును ఎచ్చట నుంచవలెనన్నది మొదటి ప్రశ్న. పనిచేయు చోటినుండి సుమారు 15 మీటర్లకు మించి నడువకుండ అది చేతికందవలెను. నిప్పు పుట్టగల చోటికి మరీ దగ్గరగా నుంచినచో మంటలను దాటి దానిని తీయుట అసాధ్యము. కనుక ద్వారముల చెంతను, మెట్ల మొదటను, నడవలలోను ఉంచుట ఉత్తమము. అప్పుడు దానిని తీసికొనువానికి బయటపడు దారి వెనుకనే యుండును. బీరువాల చాటునను, తాళము వేసిన గదులలోను, పాత దస్త్రముల కట్టల వెనుకను ఉన్నది లేనిదానితో సమానము.

ఏ మంటకు ఏది తగునన్నది రెండవ ప్రశ్న. కాగితము, కలప, బట్ట కాలినప్పుడు నీరు పనికివచ్చును. మండుచున్న నూనెపై నీరు పోసినచో మంట ఎగసి వ్యాపించును. విద్యుత్ పరికరములపై నీరు చల్లువాని ప్రాణమునకే ముప్పు. అచ్చట బొగ్గుపులుసు వాయువు గాని పొడి గాని వాడవలెను.

సంరక్షణ మూడవది. ఒత్తిడిని తెలుపు ముల్లు పచ్చని గీతలో నున్నదా, పిన్నును సీలును చెక్కుచెదరక యున్నవా, గొట్టము పగిలినదా అని నెలకొకమారు చూచుట అర నిమిషపు పని. బొగ్గుపులుసు వాయువు సిలిండరుకు సాధారణముగా ఒత్తిడి ముల్లుండదు. దానిని తూచవలెను. నింపిన వాయువులో పదవవంతునకు మించి తగ్గినచో మరల నింపించవలెను. కదలక నిలచియున్న పొడి కాలక్రమమున గడ్డకట్టు నవకాశము గలదు. పరీక్షించిన తేదీని చీటిపై వ్రాయుట ఆచారము. చూడకయే తేదీ వేసిన చీటి, చీటి లేకుండుటకంటె ప్రమాదకరము. లేని ధైర్యమును అది కలిగించును.

అన్నిటికంటె ముఖ్యమైనది దానిని ఎత్తుట తెలిసిన మనిషి. పిన్ను లాగి, గొట్టమును మంట మొదలికి గురిపెట్టి, పిడిని నొక్కి, అటునిటు త్రిప్పుటను ప్రతి ఉద్యోగియు ఒక్కసారియైన చేసి చూడవలెను. 1837లో నీటికిని మంటకును నడుమ మైలభయము అడ్డుపడెను. నేడు బీరువా, తాళము, అలక్ష్యము ఆ స్థానము నాక్రమించినవి. సూరతు ప్రజలు బావిని ముందే త్రవ్వుకొనిరి. నీరు తోడుటకు ఒక్క చేదను మాత్రము దింపనీయలేదు.